ఒక్క పూట గురించి రాయండి: సొంత కథ కాగితం మీదకి వచ్చే దారి

మన గురించి మనం రాసుకుందామని కూర్చుంటే మొదటి వాక్యం దాదాపు అందరికీ ఒకలాగే వస్తుంది. "నేను ఫలానా ఊళ్లో ఒక మధ్యతరగతి కుటుంబంలో పుట్టాను." రెండో పేజీకి బడి, మూడో పేజీకి కాలేజీ అయిపోతాయి. నాలుగో పేజీ దగ్గర పెన్ను ఆగిపోతుంది. నాకు మూడుసార్లు అలాగే ఆగింది. బతుకంతా ఒక్కసారే ఎత్తుకోబోయాను, అదీ సంగతి.

1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుపాను విరుచుకుపడినప్పుడు నేను ఐదో తరగతి చదువుతున్నాను. మా నాన్నకి ముమ్మిడివరం వైపు ఒక పల్లెలో కిరాణా కొట్టు ఉండేది. ఆ రాత్రి గురించి రాయడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. అప్పుడు నాకు పనికొచ్చినవేమిటో, రాతని చెడగొట్టినవేమిటో వరసగా చెబుతాను. మీ కథలో తుపాను ఉండక్కర్లేదు. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన సాయంత్రం కావచ్చు, దుబాయ్ నుంచి నాన్న దిగిన తెల్లవారుజాము కావచ్చు. పద్ధతి మాత్రం అదే.

ముందు పూట దొరకాలి

ఒక తెల్ల కాగితం తీసుకోండి. పదిహేను నిమిషాలు పెన్ను ఎత్తకుండా, ప్రతి లైనూ "ఆ రోజు" అని మొదలుపెట్టి రాయండి. ఆ రోజు అమ్మ గాజులు అమ్మేసింది. ఆ రోజు బస్సు తప్పిపోయింది. ఆ రోజు తాతయ్య నన్ను గుర్తుపట్టలేదు. వివరాలు వద్దు, ఒక్కో లైను చాలు. ఇరవై లైన్లు వచ్చేదాకా ఆగకండి. మొదటి పదీ మీరు ఇప్పటికే నలుగురికీ చెప్పేసినవై ఉంటాయి. అసలైనవి పన్నెండో లైను తర్వాత వస్తాయి.

ఇప్పుడు వాటిలో ఒకటి ఎంచుకోవాలి. నేను వాడే పరీక్ష ఇది: ఏ సంగతిని ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా చెబుతూ వచ్చారో దాన్నే తీసుకోండి. తుపాను రాత్రి గురించి స్నేహితులతో చెప్పేటప్పుడు గాలి గురించే చెప్పేదాన్ని. మా ఆయనతో నాన్న ధైర్యం గురించి చెప్పేదాన్ని. పిల్లలకి తడిసిపోయిన టపాకాయల సంగతి చెప్పేదాన్ని. ఇన్ని రకాలుగా చెబుతున్నానంటే దాని లోపల ఇంకా తేలని విషయం ఏదో ఉందన్నమాట.

ఎంచుకున్నాక హద్దు గీయండి. ఎప్పటి నుంచి ఎప్పటి వరకు? నాది, బుధవారం సాయంత్రం దీపం పెట్టే వేళ నుంచి మర్నాడు మధ్యాహ్నం అన్నం తినే వేళ వరకు. ఆ హద్దు దాటి ఒక్క వాక్యం కూడా రాయకూడదని పెట్టుకున్నాను. తర్వాత రెండుచోట్ల దాటాను. కానీ ముందు హద్దు ఉండటం వల్లే ఎక్కడ దాటాలో తెలిసింది.

చేతిలోకి ఒక వస్తువు తీసుకోండి

జ్ఞాపకాన్ని సూటిగా పిలిస్తే రాదు, వచ్చినా పేపర్ భాషలో వస్తుంది. నా మొదటి ప్రయత్నంలో మొదటి వాక్యం ఇది: "1996లో వచ్చిన పెను తుపాను మా జీవితాలను అతలాకుతలం చేసింది." అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ ఆ రాత్రి అక్కడ లేనివాళ్లు ఎవరైనా రాయగలిగిన వాక్యం అది.

అందుకే ఆ పూటకి చెందిన వస్తువు ఒకటి వెతకండి. గడియారం, రేషన్ కార్డు, పెళ్లి శుభలేఖ, ఇత్తడి గ్లాసు, ఏదైనా సరే. ఎదురుగా పెట్టుకుని ఇరవై నిమిషాలు కంటికి కనిపించేది మాత్రమే రాయండి. "ప్రేమ", "బాధ", "జ్ఞాపకం" అనే మాటలు ఆ ఇరవై నిమిషాలూ వాడొద్దు.

నాకు దొరికింది నాన్న ఖాతా పుస్తకం. నిలువుగా పొడుగ్గా ఉంటుంది. ఎర్ర గుడ్డ అట్ట, దాని మీద కట్టుకోవడానికి ఒక తాడు. మొదటి పేజీ నాలుగు మూలలా పసుపు, పైన "శ్రీ". ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ. మనుషుల పేర్లు తక్కువ, గుర్తులే ఎక్కువ: "వంతెన పక్కాయన", "టీచరు గారమ్మ", "పెద్ద రేవు". కింద పంచదార అరకిలో, కిరసనాయిలు, కొబ్బరినూనె, లైఫ్‌బాయ్ ఒకటి. పుస్తకం కింది సగం ఉబ్బిపోయి అట్ట మూసుకోదు. అక్కడ సిరా నీలం మబ్బులా పాకిపోయింది. అంకెలు లేవు. కాగితం మాత్రం అప్పడంలా గట్టిపడింది, తిప్పుతుంటే చప్పుడవుతుంది.

ఇంత రాశాక నాకు కథ ఎక్కడుందో కనపడింది. గాలిలో కాదు, ఆ చెరిగిపోయిన అంకెల్లో ఉంది. ఎవరు ఎంత బాకీయో పోయింది. నాన్న మళ్లీ ఎవర్నీ అడగలేదు. ఎందుకు అడగలేదు? నా కథ ఆ ప్రశ్న మీదే నడిచింది. మీ వస్తువు కూడా మిమ్మల్ని ఒక ప్రశ్న దగ్గరికి తీసుకెళ్లాలి. లేకపోతే వస్తువు మార్చండి.

ఫోన్ చేయండి, కానీ "ఏం జరిగింది" అని అడక్కండి

అలా అడిగితే వందసార్లు చెప్పిన కథనే మళ్లీ చెబుతారు. చిన్న ప్రశ్నలు వేయండి. ఆ పొద్దున ఏం వండావు? నేనేం గౌను వేసుకున్నాను? దీపం ఎక్కడ పెట్టావు? మొదట ఎవరు ఏడ్చారు? అమ్మని ఇలాగే అడిగాను.

"ఏం వండుతానే, పొద్దుటి నుంచీ ఒకటే చినుకు. చద్దన్నంలో మాగాయేసి పెట్టాను. నువ్వు తిన్లేదు, టపాకాయలు తడిసిపోతాయని కొట్టు చుట్టూ తిరుగుతున్నావు."

టపాకాయల సంగతి నాకు గుర్తుంది, మాగాయ గుర్తులేదు. మాగాయ వచ్చాక ఆ పొద్దుటికి రుచి వచ్చింది. చెప్పేవాళ్లని అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకోండి. వాళ్ల మాటల్ని మీ మాటల్లోకి మార్చి రాసుకోవద్దు. "తిన్లేదు" అంటే "తిన్లేదు" అనే రాసుకోండి.

పంచాంగం చూడండి

ఇది చాలామంది వదిలేసే మెట్టు. నా రెండో ప్రయత్నంలో ఒక పేరా నాకెంతో ఇష్టంగా ఉండేది. గాలి ఆగాక తలుపు తీస్తే పిండారబోసినట్టు వెన్నెల, కింద పడున్న కొబ్బరిచెట్లు. కళ్లకి కట్టినట్టు గుర్తుందనుకున్నాను. ఒకరోజు ఊరికే తారీకు చూశాను. ఆ ఏడు దీపావళి నవంబరు 10న. అంటే తుపాను వచ్చింది అమావాస్యకి నాలుగు రోజుల ముందు. ఆ రాత్రి చంద్రుడు వచ్చినా అర్ధరాత్రి దాటాక సన్నటి వంకలా రావాలి, అది కూడా మబ్బు పట్టిన ఆకాశంలో. ఆ వెన్నెల మా పిన్ని పెళ్లి రాత్రిది. నా బుర్ర దాన్ని తెచ్చి ఇక్కడ అతికించింది.

ఇలాంటిది బయటపడితే కంగారుపడొద్దు, కొట్టిపారేసి ఊరుకోనూ వద్దు. నేను ఆ పేరాని తీసేసి, ఆ స్థానంలో ఈ సంగతే రాశాను: ఇన్నేళ్లూ వెన్నెల ఉందనే అనుకున్నాను, ఉండే వీలు లేదు. చీకట్లో పడుకున్న పదేళ్ల పిల్లకి ఆ వెన్నెల ఎందుకు కావాల్సి వచ్చిందో చదివేవాళ్లకి అర్థమవుతుంది. తారీకు, వారం, తిథి, అప్పటికి మీ ఊళ్లో కరెంటు ఉందా, ఫోన్ ఉందా, బస్సు ఏ వేళకి వచ్చేది, ఇవన్నీ ఒకసారి సరిచూసుకోండి. లేని సంభాషణలు కల్పించి కోట్స్‌లో పెట్టకండి. మాట గుర్తులేకపోతే "ఏదో అన్నాడు, గాలిలో వినపడలేదు" అని రాయొచ్చు. చాలాసార్లు అదే బాగుంటుంది.

రూపం మార్చి చూడండి

ఇక్కడ మీకు స్వేచ్ఛ ఎక్కువ, భయమూ ఎక్కువే. మొదటి నుంచి చివరిదాకా జరిగింది జరిగినట్టు చెప్పుకుపోవడం ఒక్కటే పద్ధతి కాదు. మూడు రూపాలు చెబుతాను. ఒక్కొక్కదాంట్లో ఒక్క పేజీ రాసి చూడండి.

ఒకటి ఉత్తరం. ఇది మనకి కొత్తదేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. దారిలో చూసినవన్నీ కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లె అనే స్నేహితుడికి ఉత్తరాలుగా రాశారు. ఆ శ్రీనివాస పిళ్లె గారే వాటిని 1838లో కాశీయాత్ర చరిత్రగా అచ్చు వేయించారు. ఏ మజిలీలో నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ అంగళ్లున్నాయి, దారి ఎలా ఉంది అన్నవి కూడా అందులో ఉంటాయి. ఆ వివరాలన్నీ అంత సహజంగా కుదిరాయంటే, ఎదుట ఒక మనిషిని పెట్టుకుని రాయడమే కారణమని నా నమ్మకం. మీరూ ఒక మనిషిని ఎంచుకోండి. అన్నీ తెలిసిన మనిషికి రాస్తే సగం విడిచిపెట్టేస్తారు. ఏమీ తెలియని మనిషికి రాస్తే పాఠం చెప్పేస్తారు. సగం తెలిసినవాళ్లు కావాలి. నేను తమ్ముడికి రాశాను. ఆ రాత్రి వాడు ఒకే మంచం కింద నాతో ఉన్నాడు, కానీ వాడికి మూడేళ్లు.

రెండోది, మీ వస్తువు రూపమే మీ కథ రూపం కావడం. నాది ఖాతా పుస్తకం కదా, ఆ రాత్రిని పద్దుల్లా రాసి చూశాను.

ఖర్చు: మతాబుల పెట్టెలు, చిచ్చుబుడ్లు, మొత్తం.
ఖర్చు: కొట్టు మీద పెంకులు, లెక్క లేదు.
జమ: పక్కింటి వాళ్లు, ఏడుగురు, మా స్లాబు గదిలో.
ఖర్చు: వెనక దొడ్లో కొబ్బరిచెట్లు, పదకొండు.
జమ: తెల్లారింది.

కథంతా ఇలాగే రాస్తే చదవలేం. కానీ మధ్యలో ఒకచోట ఇది వస్తే పది పేజీల వర్ణన చేసే పని అయిదు లైన్లు చేస్తాయి. మీ వస్తువు వంటల పుస్తకమైతే కొలతలతో, ఆసుపత్రి ఫైలైతే తారీకుల వారీగా, ప్రోగ్రెస్ కార్డైతే సబ్జెక్టుల వారీగా.

మూడోది, అదే పూటని ఇంకొకరి వైపు నుంచి ఒక పేజీ రాయడం. అమ్మ ఎక్కడ నిలబడింది? అక్కడి నుంచి నేను ఎలా కనిపించాను? ఈ పేజీ చివరికి కథలో ఉండకపోయినా ఫరవాలేదు. రాశాక మీ పేజీలు మారతాయి.

మన క్రియల చివర చూడండి

దీని మీద కాస్త ఎక్కువ సేపు ఉంటాను. సొంత కథ రాయడానికి కావాల్సిన పనిముట్లు చాలావరకు తెలుగు క్రియల చివరే ఉన్నాయి. రోజూ వాడుతున్నాం కాబట్టి మనకి కనపడవు.

మొదట "నేను". రాసిన పేజీలో "నేను"లన్నీ గీతలు పెట్టి లెక్కపెట్టండి. "నేను తలుపు తీశాను. నేను బయటికి చూశాను." "చూశాను"లోనే నేను ఉన్నాను. విడిగా ఉన్న "నేను"ని తీసేయండి. నొక్కి చెప్పాల్సినచోట మాత్రం ఉంచండి. "అందరూ పడుకున్నారు. నేను పడుకోలేదు." అక్కడ దానికి పని ఉంది.

తర్వాత "వాళ్లం". మన చిన్ననాటి ముచ్చట్లన్నీ ఇందులోనే మునిగిపోతాయి. ఆడుకునేవాళ్లం, తినేవాళ్లం, వెళ్లేవాళ్లం. చదవడానికి తీయగా ఉంటుంది, ఏమీ జరగదు. అది ఎప్పుడూ జరిగేదాన్ని చెప్పే క్రియ. మూడు వాక్యాలు దాటనివ్వకండి. ఆ వెంటనే ఒక్క రోజులోకి దిగండి. నా పేజీలో ఇలా వచ్చింది: "ప్రతి ఏడూ దీపావళి ముందు మతాబుల పెట్టెలు డాబా మీద ఎండలో పెట్టేవాళ్లం. సాయంత్రం కిందకి దింపేవాళ్లం. ఆ బుధవారం నాన్న పెట్టెలు పైకి ఎక్కించనివ్వలేదు." మూడో వాక్యం దగ్గర చదివేవాళ్లు నిటారుగా కూర్చుంటారు.

మూడోది "ట". వెళ్లాడు, వెళ్లాడట. చూసిందానికీ విన్నదానికీ మధ్య గీత గీసే అక్షరం ఇది. సొంత కథలో నిజాయితీ అంతా దీని మీదే నిలబడుతుంది. మంచం కింద ఉన్న పిల్లకి పెంకులు ఎగరడం కనపడదు. "మా పెంకులు వెనక వీధిలో పడ్డాయట" అని రాయాలి. నేను విన్నది చప్పుడు ఒక్కటే. కొట్టులో నూనె డబ్బాలు ఒకదానికొకటి కొట్టుకుంటున్న చప్పుడు, మధ్య మధ్యలో అది ఆగినప్పుడు ఇంకా ఎక్కువ భయం. రాసిందంతా ఒకసారి ఈ కంటితో చదివి, మీరు చూడని ప్రతి చోటా "ట" చేర్చండి, లేదా "అనుకుంటా", "ఉన్నట్టున్నాడు" పెట్టండి. మీరు నిజంగా చూసినవి ఎన్నో అప్పుడు తేలుతుంది. అవి కొన్నే ఉంటాయి. కథని వాటి మీదే నిలబెట్టండి.

నాలుగోది మర్యాద. నాన్న వచ్చాడా, వచ్చారా? ఇంట్లో ఎలా పిలిచారో అలాగే రాయండి. పేపర్లో బాగుండదని "వచ్చారు" అని దిద్దితే ఆ మనిషి గుమ్మం బయటే నిలబడిపోతాడు. నేను "వచ్చాడు" అనే రాశాను. నాన్న పోయిన తర్వాతి సంగతి చెప్పే పేజీలో మాత్రం తెలియకుండానే "వెళ్లిపోయారు" అని పడింది. చూశాను, దిద్దలేదు.

ఇక "మేం", "మనం". ఆ రాత్రి స్లాబు గదిలో పక్కింటి పెద్దాయన ఒకటే మాట అంటూ ఉన్నాడు: "మనకేం కాదు." మా ఇంటివాళ్లకి, వాళ్ల ఇంటివాళ్లకి, ఏడాదిగా మాటల్లేవు. "మాకేం కాదు" అనలేదాయన. ఈ తేడా పట్టుకోగలిగితే వర్ణన అక్కర్లేదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి రాసేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. "మన ఊళ్లో" అంటే చదివేవాళ్లని లోపలికి పిలిచినట్టు. "మా ఊళ్లో" అంటే కూర్చోబెట్టి చెబుతున్నట్టు. ఒక పేజీలో ఒకటే ఉంచండి.

మాండలికం విషయంలో నా మాట ఒక్కటే. కథనం మీకు వచ్చిన మామూలు తెలుగులో నడిపించండి. మనుషులు మాట్లాడేటప్పుడు మాత్రం వాళ్ల ఊరి మాటే. నాయినమ్మ "బిడ్డా, ఇటు రా" అని ఉంటే "అమ్మాయీ, ఇలా రా" అని మార్చేశారో, అక్కడ నాయినమ్మ లేదు.

పక్కవాళ్ల సంగతులు

మీ కథలో ఇంకొకరి కష్టం ఉంటుంది, అప్పు ఉంటుంది, గొడవ ఉంటుంది. బతికున్నవాళ్లకి చూపించి అడగండి. పేరు మార్చినా ఇంటిపేరు, వీధి, వృత్తి వల్ల ఊళ్లో ఇట్టే తెలిసిపోతుంది. ఖాతా పుస్తకంలోని గుర్తుల్ని కూడా నేను మార్చేశాను. పైన మీరు చదివినవి అసలువి కావు.

చివరగా, పైకి చదవండి

వారం రోజులు పక్కన పెట్టండి. తర్వాత గట్టిగా చదవండి. నాలుక తడబడినచోట వాక్యం మీది కాదు, ఎక్కడో చదివినది. దాన్ని విరగ్గొట్టండి. మొదటి పేరా తీసేసి చదివి చూడండి, నూటికి తొంభై సార్లు కథ రెండో పేరాలోనే మొదలవుతుంది. చివరి పేరాలో "ఆ రోజు నేను నేర్చుకున్నది ఏమిటంటే" అని ఉంటే నిర్దాక్షిణ్యంగా కొట్టేయండి.

ఆ తర్వాత ఆ పూట అక్కడున్న ఒక మనిషికి వినిపించండి. నేను అమ్మకి వినిపించాను. నా కథ చివర ఇలా ఉండేది: మర్నాడు మధ్యాహ్నం, తడి కట్టెలు రాజుకోక బొగ్గుల కుంపటి దగ్గర కూర్చుని, నాన్న ఖాతా పుస్తకం ఒక్కో పేజీ ఆరబెడుతున్నాడు. ఆ దృశ్యం మీదే కథంతా నిలబెట్టాను. అమ్మని మాగాయ గురించి అడిగాను, గౌను గురించి అడిగాను. దీని గురించి మాత్రం అడగలేదు, నాకు తెలుసు కదా అని.

అమ్మ అంతా విని, కాసేపాగి అంది.

"పుస్తకం ఆరబెట్టింది మీ నాన్న కాదే. నేను. ఆయన పొయ్యిలో పడెయ్యమన్నాడు."

ఆ రాత్రి ఫోన్ పెట్టేశాక కొత్త కాగితం తీసి ఆ మాటలే పైన రాసుకున్నాను. ఇప్పుడు రాస్తున్నది నాలుగో ప్రతి. అందులో కుంపటి దగ్గర అమ్మ ఉంది.